చప్పుడు లేని బండి కోసం చేవెళ్ల దాకా

సురంగల్ నుంచి చేవెళ్లకు స్కూటర్ కొనడానికి బయలుదేరేవాళ్లు ఇంకెవరైనా ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఉంటారన్న నమ్మకం పెద్దగా లేదు.

చందనవెల్లిలో ఒక కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చింది. తయారైన సరుకు బాగుందో లేదో చూసి ముద్ర వేసే పని. సోమవారం చేరాలి. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం రాత్రి పదింటికి వదిలే షిఫ్టు. మా ఊరి నుంచి లోపలి దారిన స్కూటర్ మీద వెళితే గంటలోపే. బస్సుల్లో అయితే మొయినాబాద్ పోయి, చేవెళ్ల పోయి, అక్కడ షాబాద్ వైపు ఇంకో బస్సు పట్టుకోవాలి. షిఫ్టు మొదలయ్యేసరికి నేను ఇంకా రెండో బస్టాండులోనే ఉంటాను. సోమవారానికి బండి లేకపోతే ఆ ఉద్యోగం నా తర్వాతి మనిషికి పోతుంది. ఇంతవరకు ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. పెట్రోలు బండా, కరెంటు బండా అన్న దగ్గరే పేచీ.

మా ఆయన ఐటీ కంపెనీల వాళ్లను రాత్రిళ్లు ఇళ్లకు దింపే క్యాబ్ నడుపుతాడు. రోజూ బంకులో నిలబడీ నిలబడీ విసిగిపోయి కరెంటుదే కొనమన్నాడు. తెల్లవారుజామున ఆయన కారు మలుపులో గేరు మార్చిన చప్పుడుకు మా అత్తమ్మ లేచి టీ గిన్నె పెడుతుంది. ఆయన టీ తాగి పడుకుంటే మళ్లీ సాయంత్రమే లేవడం. కాబట్టి శనివారం నాతో అత్తమ్మ బయలుదేరింది. ఆమెకు బండి నడపడం రాదు, వెనక కూర్చోవడం వచ్చు. ఆమె ఊ అనకుండా మా ఇంట్లోకి బర్రె కూడా రాలేదు. నేను కూడా రాలేదు.

ఆమె ఓటు పెట్రోలుకు. "పెట్రోలు ఐపోతె ఎవరన్న సీసాల తెచ్చిస్తరు. కరెంటు ఐపోతె సీసాల తెస్తరా?" అని ముందు రోజే అడిగింది. మా ఆయన కారు తాళాలు అందుకుని డ్యూటీకి బయలుదేరాడు.

పొద్దున ఎనిమిదింటికి షేర్ ఆటోలో మొయినాబాద్ చేరాం. ఆటోలో ఎనిమిది మందిమి, ఒక కోళ్ల గంప. చేవెళ్ల బస్సు అరగంటకు వచ్చింది. ఆడవాళ్లకు బస్సు చార్జీ లేదు కాబట్టి మాకిద్దరికీ సున్నా టికెట్లే. ఆధార్ కార్డు తప్పక దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో చూపిస్తానంటే కండక్టర్ మూడ్‌ని బట్టి ఉంటుంది. కుడివైపు కూర్చుంటే ఎండ పడదు. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి కుడివైపు సీట్లు ఉండవు.

మా పక్క సీటులో ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు ఉన్న ఒకాయన కూర్చున్నాడు. సొంతూరు భీమవరం దగ్గరట, ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్లు దాటిందట. మేము దేనికి వెళుతున్నామో అత్తమ్మ చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. ఎలక్ట్రిక్ తప్ప ఇంకోటి చూడొద్దన్నాడు, తను కొని రెండేళ్లయిందట, ఖర్చు లేదట, పొగ లేదట. అత్తమ్మ అంతా విని, మరి తమరు బస్సులో ఎందుకు పోతున్నారని మర్యాదగానే అడిగింది.

"రాత్రి చార్జింగ్ పెట్టడం మర్చిపోయానండి," అన్నాడాయన.

అత్తమ్మ నావైపు తిరిగి చూసింది.

కనకమామిడి దగ్గర ఒకతను ఖాళీ నీళ్ల సీసా పట్టుకుని బస్సెక్కాడు. బండి వెనక ఎక్కడో ఆగిపోయిందట, బంకు దగ్గర దింపమన్నాడు. "సీసాల పొయ్యరన్నా బంకుల," అన్నాడు కండక్టర్ టికెట్ చింపుతూ. సీసా పట్టుకున్నతను సీసావైపు చూసుకున్నాడు. అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టి చేవెళ్ల వచ్చేదాకా చూస్తూనే ఉంది. భీమవరం ఆయన పెద్ద మనసుతో తన ఫోన్ తీసి చూసుకున్నాడు.

చేవెళ్లలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు ఎదురుగా టీ బాగుంది, ఉస్మానియా బిస్కెట్ మెత్తబడింది. ముందు పెట్రోలు షోరూంకు వెళ్లాం. నేను నడిపాను, అత్తమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని పక్కకు తిరిగి కూర్చుంది. స్టార్ట్ చేయగానే బండి గట్టిగా దగ్గి సర్దుకుంది. మార్కెట్ వీధిలో జనం తప్పుకున్నారు. దిగాక అత్తమ్మ సీటును అరచేత్తో తట్టి మంచిగుందంది. ఆమె నోట ఆ మాట రావడం నేను అంతకుముందు రెండుసార్లే విన్నాను.

కరెంటు బండ్ల షోరూం కూరగాయల మార్కెట్‌కు అవతల. అక్కడున్నావిడ తాళం తిప్పి, వెళ్లిరండి అంది. బండి స్టార్ట్ కాలేదన్నాను. అయిందంది. నిజమే, అయింది. అదే వీధిలో అదే జనం ఈసారి ఒక్కరూ తప్పుకోలేదు. కొత్తిమీర మూట నెత్తిన పెట్టుకున్న ఒకాయన మా ముందు తాపీగా నడిచాడు, ఆయన వెనక మేమూ తాపీగా వెళ్లాం. హారన్ మీట ఎక్కడుందో నాకింకా దొరకలేదు. వెనక నుంచి అత్తమ్మ "జరగుండ్రి, జర జరగుండ్రి" అంటూ మొత్తం మార్కెట్ దాటించింది.

నాకు మాత్రం బండి నచ్చింది. తేలిగ్గా ఉంది, చెప్పినట్టు వింటోంది. అత్తమ్మ షోరూం బయట బెంచీ మీద కూర్చుని పెట్రోలుదే తీసుకుందామంది. కరెంటు పోతే ఎలా అంది. వానకు తడిస్తే ఎలా అంది. బర్రె వైరు నాకితే ఎలా అంది. మూడింటికీ లోపలున్నావిడ జవాబు చెప్పింది, బర్రె సంగతి కొంచెం ఆలోచించి. ఇంకేం భయమని నేను కాస్త విసుగ్గానే అడిగాను.

"రాత్రి షిఫ్టు ఐనంక నడిజాముల వస్తవు," అంది. "సప్పుడు లేని బండి. నువ్వొచ్చినవో లేదో నాకెట్ల ఎర్కైతది?"

ఫోన్ చేస్తానన్నాను.

"పడ్డోళ్లు ఫోన్ చేస్తరా?"

మా ఆయన కారు చప్పుడుకు ఆమె లేస్తుందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ చప్పుడు వినేదాకా ఆమె నిద్రపోదని ఆ బెంచీ మీద తెలిసింది. ఇప్పుడు ఆ మెలకువ నాకోసం కూడా అట్టే పెడుతోంది. కాసేపు రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ కూర్చున్నాను.

ఒంటిగంటకు భోజనం. మార్కెట్ సందులో మెస్, పప్పు వేడిగా ఉంది, గోంగూర అడిగితేనే వేస్తారు, అడగండి. తింటూ పెట్రోలుదే తీసుకుందాం అత్తమ్మా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. జీతంలో బంకుకు ఎంత పోతుందని ఆమె అడిగింది. మొదట్లో నాలుగో వంతు పోవచ్చని ఉన్నమాట చెప్పాను. ఆమె మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కుని వచ్చి, "నువ్వు కరెంటు దుకాణంకాడికి నడువు. నేను నిమ్మకాయలు కొనుక్కొస్త," అంది. ఎందుకని అడగబోయాను. అప్పటికే సందు చివర ఉంది.

కాగితాల పని మూడున్నర దాకా సాగింది. చేవెళ్లలో ఈ పనికి వెళ్లేవాళ్లు రెండు ఫోటోలు కాదు, నాలుగు తీసుకెళ్లండి. అత్తమ్మ నిమ్మకాయలు, పసుపు, నల్లదారంతో పాటు ఒక ఇత్తడి గంట తెచ్చింది. పగ్గాలూ ముకుతాళ్లూ అమ్మే దుకాణంలో బర్రె మెడకు కట్టేది. సంచి తగిలించుకునే కొక్కేనికి దాన్ని తనే కట్టి, రెండుసార్లు ఊపి చూసింది.

హారన్ ఉంది కదమ్మా అంది షోరూం ఆవిడ.

"హారన్ అందరి బండ్లకుంటది బిడ్డా."

వారంటీ కాగితంలో గంట గురించి ఏమీ లేదని ఆవిడ వెతికి మరీ చెప్పింది. టైర్ల కింద నిమ్మకాయలు నలిపి నాలుగింటికి బయలుదేరాం.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎత్తుపల్లాల్లో గంట బాగా మోగుతుంది, మన రోడ్ల మీద ఎత్తుపల్లాలకు కొదవలేదు. చేలల్లో ఉన్నవాళ్లు తల ఎత్తి బర్రె కోసం చూసి, స్కూటర్ కనబడితే ఇంకాసేపు చూశారు. మొయినాబాద్ మలుపులో ఒక దూడ కొంతదూరం మా వెంట పరుగెత్తి వెనక్కి మళ్లింది. అత్తమ్మ దారి పొడుగునా నా భుజం పట్టుకుని కూర్చుంది. జరగుండ్రి అనాల్సిన పని ఒక్కసారీ రాలేదు. చార్జింగ్ ఇంకా సగానికి పైనే మిగిలింది, భీమవరం ఆయన చెప్పింది అబద్ధం కాదు.

మా ఇంటి మలుపు తిరిగేసరికి మా ఆయన లుంగీ ఎగగట్టి, చేతిలో కర్ర పట్టుకుని వాకిట్లోకి ఉరికొచ్చాడు. కళ్లు ఇంకా సగమే తెరుచుకున్నాయి.

"ఎవరి బర్రెనో మన టమాట మళ్లల్ల పడ్డదనుకున్న," అన్నాడు కర్ర దించి.

అత్తమ్మ దిగలేదు. "నిద్రలకెల్లి ఇనవడ్డదారా?"

"ఇనవడ్డది."

అప్పుడు దిగింది. సంచి తీసుకుని, చీర సర్దుకుని, గంట మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఇగ సోమారం పో బిడ్డా," అంది నాతో.