నొప్పి లేని నెత్తురు

ఉట్నూర్ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో కిష్టవ్వ చేతుల్లో పడని పిల్ల అరుదు. మంత్రసాని పని అత్త దగ్గర నేర్చింది. ఇప్పుడందరూ ఆసుపత్రికే పోతున్నా, నెలలు నిండాక ఆడవాళ్లు ఒకసారి ఆమెకు కడుపు చూపించుకునే పోతారు. ఆ గర్వం ఆమె తలకెక్కింది. ఎక్కకుండా ఎలా ఉంటుంది మరి?

కూతురు జమున తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. గర్భసంచిలో పైన ఉండాల్సిన మాయ కింద పరుచుకుని, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా ఉందని స్కానింగులో తేలింది. ఆశ కార్యకర్త సుమయ్య ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"అవ్వా, నొప్పి లేకున్నా సరే, చుక్క నెత్తురు కనబడితే జీపెక్కియ్యాలె. లోపల ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు."

నేను బొడ్డు కోసిన పిల్ల నాకు చెప్పబట్టింది అనుకుంది కిష్టవ్వ.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున బట్టలు ఆరేస్తూ జమున ఆగిపోయింది. కాళ్ల వెంట ఎర్రటి నెత్తురు. నొప్పి మాత్రం లేదు.

"అవ్వా, జీపు పిలువు. సుమయ్య చెప్పింది గదా."

"నొప్పి లేని నెత్తురుకు ఫికరెందుకు? దారి తెరుసుకుందో లేదో జర చూడనియ్యి."

"వద్దే అవ్వా."

వద్దన్నా వినలేదు. కిష్టవ్వ చెయ్యి పెట్టింది. వేళ్లకు మెత్తగా తగిలింది బిడ్డ తల కాదు. అంతవరకు కొద్దిగా ఉన్న నెత్తురు బిందె ఒలికినట్టు పారింది. అప్పుడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, జీపు కోసం పరుగెత్తింది.

ఆదిలాబాద్ చేరేసరికి జమున పెదాలు తెల్లబడ్డాయి. రక్తం ఎక్కించి, ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. నెత్తురు ఎంతకీ ఆగక జమున గర్భసంచి కూడా తీసేశారు. "ఇంట్లో ఎవరన్నా చెయ్యి పెట్టిండ్రా?" అని డాక్టరమ్మ అడిగితే కిష్టవ్వ "లేదమ్మా" అంది. ఛీ, ఆ మాట ఏ నోటితో అందో.

మూడో రోజు అల్లుడు సంపత్ దుబాయి నుంచి దిగాడు. ఆసుపత్రికి వస్తూనే కిష్టవ్వ కాళ్లు మొక్కాడు.

"అత్తా, నువ్వుండబట్టే నా పెండ్లాం బతికింది."

మంచం మీద జమున ముఖం అటు తిప్పుకుంది. మొగుడికి ఒక్క ముక్క చెప్పలేదు. తన తప్పును కూతురు కడుపులో దాచుకుందని అర్థమై కిష్టవ్వకు తల కొట్టేసినట్టయింది.

"నేను బతికియ్యలే, బిడ్డా. నేనే చెయ్యి పెట్టిన. మాయ చిరిగింది. గర్భసంచి నావల్లనే పోయింది."

సంపత్ లేచి నిలబడ్డాడు.

"ఎందుకు చెప్పినవే అవ్వా," జమున ఏడ్చింది. "నేనెవ్వరికీ చెప్పలే గదా."

"రేపు ఇంకో పోరి కడుపు చూపియ్యనీకి నా కాడికే వస్తది, బిడ్డా. చెప్పకుంటే ఆమెకెట్ల తెలుస్తది?"

మంచం పక్కన తొట్టెలో బిడ్డ ఏడిస్తే కిష్టవ్వ ముందుకు కదిలింది. సంపత్ ఆమెను దాటి వెళ్లి తానే ఎత్తుకున్నాడు. పసిబిడ్డను ఎలా పట్టుకోవాలో అతనికి తెలియదు. మెడ కింద చెయ్యి వేయమని చెప్పడానికి కూడా కిష్టవ్వకు నోరు రాలేదు.