మా టేపులో ఊఁ కొట్టిందెవరు?

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం కంటే ముందు నవ్వొస్తుంది. మా అమ్మ దిష్టి తగలకూడదని గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు తెంపి షర్బత్ కలుపుకుని తాగిన ఘనత నాది. తొంభైకి దగ్గరపడ్డాను, ఇప్పటికీ ఎంత చీకట్లోనైనా ఒక్కదాన్నే లేచి మంచినీళ్ళు తాగి వస్తాను. కాబట్టి ఇది చదివి ముసలావిడ భ్రమ అని కొట్టిపారేయకండి. ఇది జరిగినప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. నావి పాము చెవులని ఇంట్లో తిట్టని వాళ్ళు లేరు.

పోలీసు యాక్షన్ జరిగి అప్పటికి కొన్నేళ్ళయింది. మాది ఇంకా హైదరాబాదు స్టేటే, ఆంధ్రతో కలవలేదు. మా నాన్నకు రైల్వేలో ఉద్యోగం దొరకడంతో కరీంనగర్ నుంచి సికింద్రాబాదు వచ్చి బన్సీలాల్‌పేటలో దిగాం. పక్కింట్లో జుబేదా, వాళ్ళమ్మ ఖాసింబీ ఉండేవారు. ఆవిడను నేను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని.

జుబేదాకు నా వయసే. చిన్నప్పుడు మశూచి వచ్చి రెండు కళ్ళూ పోయాయి. వాళ్ళ నాన్న ఖాదర్ మాస్టరు బడిలో తెలుగు చెప్పేవారట. నేను ఆయన్ను చూడలేదు, ఆయన గొంతూ వినలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

భోజనాలయ్యాక ఆయన కూతురికి పుస్తకాలు చదివి వినిపించేవారు. చివరగా పట్టుకున్నది ఒక లావుపాటి తత్వశాస్త్రం పుస్తకం. ఉన్నది ఏది, లేనిది ఏది, ఉన్నదని మనకెలా తెలుస్తుంది అని మనిషిని ఊపిరాడనివ్వకుండా వాదించే పుస్తకం. కథ వినేటప్పుడు పిల్లలు ఊఁ కొడతారు చూడండి, అలా ఒక్కో వాక్యానికీ జుబేదా ఊఁ కొట్టాలి. కొట్టలేదంటే అర్థం కాలేదని లెక్క. ఆయన వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేవారు. నిద్ర వేళకు "ఇయ్యాల్టికి సాలు, ఇగ పండుకో బిడ్డా" అని పుస్తకం మూసేవారు.

సగం పుస్తకం అయ్యాక, చెల్లెలి కుటుంబాన్ని తీసుకొస్తానని ఆయన బీదర్ వైపు వెళ్ళారు. వచ్చాక మిగతాది చదువుతానన్నారు. ఆ తర్వాతే సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రోడ్ల మీద జనం మళ్ళీ తిరగడం మొదలుపెట్టారు. ఆయన మాత్రం తిరిగి రాలేదు. పోయారని చెప్పినవాళ్ళూ లేరు, చూశామని చెప్పినవాళ్ళూ లేరు.

ఖాలా నల్లపూసలు తీయలేదు. ఆయన పేరున ఫాతిహా ప్రార్థన చదివిద్దామని బంధువులు అంటే, బతికున్న మనిషికి ఫాతిహా ఏంటని వాళ్ళ మీదికి వెళ్ళినంత పని చేసేది. జుబేదా మిగతా సగం పుస్తకాన్ని ఎవరితోనూ చదివించుకోలేదు. మొదటి సగం మాత్రం ఆమెకు నోటికి వచ్చు. మా వీధి ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని ఎంతో చక్కగా చెప్పేది. సగం దాకా వచ్చి ఆగిపోయేది.

ఒకరోజు ఆమే నన్ను పిలిచింది. "సరోజా, ఇన్నేండ్ల సంది సగం కాడ్నే కూసున్న. ఇగ నాతోని కాదు. మిగిలింది సదివిపెట్టాలె" అంది.

ఇప్పుడే మొదలుపెడదామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "నువ్వు ఎదురుంగ కూసోని సదివితే ఊఁ కొట్టాలె. ఆయనకు తప్ప ఇంకొకలకు ఊఁ కొట్ట నోరు రాదు నాకు. మిషిన్ల పట్టి ఇయ్యి. మిషిన్‌కు ఊఁ కొట్టే పని లేదు గదా!"

మా వీధిలో విమలక్క అనే టీచరమ్మ ఉండేది. ఆవిడ భర్త దగ్గరి స్నేహితుడు కంటోన్మెంటులో ఆఫీసరు. ఆయన దగ్గర గొంతు పట్టే టేపు మిషను ఉందని, దాని గురించి వీధంతా వింతగా చెప్పుకునేవాళ్ళం. విమలక్క అడిగితే ఇచ్చాడు. అయితే వానలు మొదలయ్యేసరికి ఆయనకు బదిలీ, ఆలోపు తిరిగి ఇచ్చేయాలి. మిషను నడపడానికి నర్సింగరావు వచ్చాడు. ఆయన మా నాన్న ఆఫీసులో గుమాస్తా, మిషను అంటే ప్రాణం పెట్టే మనిషి. చదవడానికి మేం ముగ్గురం వంతులు వేసుకున్నాం.

ఈ సంగతి తెలిసి ఖాలా నాతో మాట మానేసింది. మానేసేముందు ఒకటే అంది. "ఆయనొచ్చి సద్వుతడు. మీకేం జల్ది వడ్డది?" మిగతాది ఇంకొకరి నోటి నుంచి వింటే ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టేనని ఆవిడ బాధ.

విమలక్క ఇంటి మేడగది, ఎండాకాలం మధ్యాహ్నాలు. కిటికీలు మూసి, వాటికి బొంతలు వేలాడదీసి, చప్పుడు చేస్తుందని ఫ్యాను కట్టేసి కూర్చునేవాళ్ళం. చెమటతో పుస్తకం అట్ట చేతికి అంటుకునేది. సరిగ్గా వాక్యం పూర్తయ్యే సమయానికి బేగంపేటలో విమానం లేచేది, లేదా స్టేషన్లో ఇంజను కూసేది. మళ్ళీ మొదటికి. అయినా ఎంత సంబరంగా ఉండేదో చెప్పలేను! మిషనులోంచి నా గొంతు నాకే మొదటిసారి వినిపించినప్పుడు, "ఈ పిల్ల ఎవరు, ఇంత గయ్యాళిలా ఉంది?" అనుకున్నాను.

మొదటి టేపు పూర్తిచేసి వెనక్కి తిప్పి విన్నాం. విమలక్క గొంతు గంటలా ఉంది. మొదటి వాక్యం అయింది.

"ఊఁ."

మగ గొంతు. కాస్త వయసు మీద పడిన గొంతు, తాపీగా. రెండో వాక్యం తర్వాత మళ్ళీ ఊఁ.

మేం నర్సింగరావు మీద పడ్డాం. టేపు పాడుచేశావని విమలక్క చెవి పట్టుకున్నంత పని చేసింది. "నా తల్లి మీద ఒట్టు, నేను నోరు తెర్వలే అక్కా!" అని ఆయన మొత్తుకున్నాడు. మనవాళ్ళకు ఊఁ కొట్టడం ఊపిరి తీసినంత అలవాటు, తెలియకుండానే కొట్టి ఉంటావని తేల్చాం. మర్నాడు చదివేవాళ్ళు తప్ప మిగతా ఇద్దరం నోట్లో చేతిరుమాలు కుక్కుకుని కూర్చున్నాం. నర్సింగరావు కళ్ళు తేలేసి మిషను తిప్పుతుంటే నవ్వు ఆపుకోలేక నాకు పొలమారింది. టేపులో నా దగ్గు పడింది. దాంతోపాటు ఊఁ కూడా పడింది.

గదిలో మాకు వినబడలేదు. టేపులో మాత్రమే ఉంది. పాత మాటలేవో చెరగకుండా ఉండిపోయాయేమో అంటే, ఆ టేపులు కొత్తవి, అట్టపెట్టెలు మా చేతులతోనే చింపాం. రేడియో ఏదైనా కలుస్తోందేమో అని నర్సింగరావు వీధిలో రేడియోలున్న ఇళ్ళన్నీ తిరిగి కట్టేయించి వచ్చాడు. అయినా ఊఁ ఆగలేదు.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. ఒక పుటలో నర్సింగరావు ఒక వరుస దాటేసి చదివాడు. అక్కడ ఊఁ లేదు. సరిచేసి చదివాం, ఊఁ వచ్చింది. ఇంకోచోట తప్పేమీ లేదు, నేను అక్షరం పొల్లుపోకుండా చదివాను, అయినా ఊఁ రాలేదు. అప్పుడు విమలక్క నా ముఖంలోకి చూసి, "నీకు అర్థమైందా అది?" అని అడిగింది. అర్థం కాలేదు. పంతులు మంత్రం చదివినట్టు చదివాను.

అంతే, ఇక మాకు పిచ్చి పట్టింది. భయం ఎటు పోయిందో తెలియదు. ఒక్కో వాక్యం మీద ముగ్గురం కొట్టుకున్నంత పనిచేసి, అర్థం తేల్చుకుని, అప్పుడు చదివేవాళ్ళం. వెనక్కి తిప్పి ఊఁ వచ్చిందా లేదా అని పరీక్ష ఫలితాలు చూసుకున్నట్టు మిషను మీదికి వంగేవాళ్ళం. వస్తే ఎగిరి గంతులేసేవాళ్ళం. ఊఁ ఒక్కోసారి తర్వాతి వాక్యం మీద పడి మాటలు చెరుగుతున్నాయని, దానికోసం ప్రతి వాక్యం చివర కాస్త ఆగడం కూడా మొదలుపెట్టాం.

లేకపోవడం గురించిన అధ్యాయం మమ్మల్ని ఏడిపించింది. గదిలో కుండ లేదు అంటాం. కంటికి కనిపించింది గది ఒక్కటే. మరి కుండ లేదన్న సంగతి ఎక్కడ కనిపించింది? దాన్ని నేను ఎన్నిసార్లు చదివినా టేపు మూగగానే ఉంది. చివరికి విమలక్క అంది. "కుండ కోసం వచ్చినవాళ్ళకే అది లేదని కనబడుతుంది సరోజా. మిగతావాళ్ళకు అది ఉట్టి గది." నాకు ఖాలా ఎదురుచూసే గుమ్మం గుర్తొచ్చింది. అది తలుచుకుంటూనే చదివాను. వెనక్కి తిప్పితే ఊఁ వచ్చింది, మామూలు కంటే మెల్లగా.

ఆ గొంతు ఎవరిదై ఉంటుందో మా ముగ్గురికీ లోపల తెలుసు. జుబేదాకు చెప్పాలా వద్దా అని విమలక్క, నర్సింగరావు వాదులాడుకున్నారు. నేను తేల్చేశాను. ఏమీ చెప్పవద్దు, మన ముగ్గురిలో ఎవరూ ఆయన గొంతు వినలేదు కదా, విన్నవాళ్ళే చెప్పనీ అన్నాను.

పుస్తకం పూర్తయింది. ఆకాశం మబ్బు పట్టింది. మిషన్ను రిక్షాలో పెట్టి, పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని జుబేదా ఇంటికి తీసుకెళ్ళాం. ఖాలా మమ్మల్ని చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రొట్టెలు కొడుతున్న చప్పుడు కావాలనే గట్టిగా వినిపిస్తోంది.

నర్సింగరావు మీట నొక్కాడు. విమలక్క మొదటి వాక్యం చదివింది. ఊఁ వినిపించింది.

జుబేదా ఏడవలేదు. ముఖమంతా నవ్వు పరుచుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి, "అబ్బాజాన్!" అంది.

వంటింట్లో రొట్టెల చప్పుడు ఆగిపోయింది. జొన్నపిండి చేతులతోనే ఖాలా గడప దాకా వచ్చి నిలబడింది. ఇంకో వాక్యం, ఇంకో ఊఁ. ఆవిడ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఎవరిని పట్టుకొచ్చారని అడగలేదు. ఎలా చేశారని అడగలేదు.

రోజూ వెళ్ళి కొంత కొంత వినిపించాం. ఖాలా అన్నం వండి, పనులు తెముల్చుకుని, మేం వెళ్ళేసరికి గడపలో సిద్ధంగా ఉండేది. అర్థమయ్యే పుస్తకం కాదు అది, ఆవిడకు అర్థంతో పనీ లేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆవిడ ముఖం చూడాలి, కొత్త పెళ్ళికూతురు కూడా అలా ఉండదు. నాతో మళ్ళీ మాట కలిపింది.

ఆఖరి టేపు ఆఖరి వాక్యం నేను చదివినదే. అది ముగిసింది. ఊఁ వచ్చింది. తర్వాత చక్రం ఉట్టినే తిరుగుతోంది.

ఖాలా లేచి మిషను దగ్గరికి వచ్చింది. జ్వరం వచ్చినవాళ్ళ నుదురు తాకినట్టు దానిమీద చెయ్యి వేసింది.

"ఇన్నవ్ గదా మొత్తం" అంది. "సాలు. ఇగ పండుకో."

ఆ గురువారమే ఫాతిహా చదివించింది. నల్లపూసలు తనే తీసి జుబేదా చేతిలో పెట్టింది. ఆ రోజు జుబేదా ఏడ్చింది. ఖాలా ఆమె తల నిమురుతూ ఉండిపోయింది. నేను ఇంటికొచ్చి మా అమ్మ కొంగులో తల దూర్చి ఏడ్చాను.

మిషను తిరిగి ఇచ్చేముందు ఇంకొక్కసారి విందామని జుబేదా అడిగింది. పెట్టాం. విమలక్క గొంతు గంటలా వచ్చింది. వాక్యం అయింది. ఊఁ లేదు. టేపు మార్చాం, ఇంకోటి మార్చాం. ఎక్కడా లేదు. నా దగ్గు ఉంది, రైలు కూత ఉంది. ఊఁ కోసం మేం ఆగిన ఖాళీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

విన్నదంతా భ్రమ అనుకుందామంటే ఐదుగురికి ఒకేసారి ఒకే భ్రమ ఎలా వస్తుంది? అసలు లేని చప్పుడుకు మేం ముగ్గురం అంత జాగ్రత్తగా చోటు ఎందుకు వదిలాం? నర్సింగరావు చనిపోయేదాకా దీనిమీద నాతో వాదించాడు. నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు మాత్రం మేం బిక్కచచ్చి కూర్చుంటే, టేపులో తర్వాతి వాక్యం ముగిసి ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో జుబేదా నోరు తెరిచి "ఊఁ" అంది. తర్వాతి దానికీ అంది. ఆ ఏడే ఆడపిల్లలకు మిగతా సగం కూడా చెప్పడం మొదలుపెట్టింది, చివరిదాకా చెప్పింది.

తర్వాతెప్పుడో ఆ టేపులను క్యాసెట్లలోకి ఎక్కించుకున్నాం. జుబేదా పోయాక అవి నా దగ్గరికి వచ్చాయి. అప్పుడప్పుడు పెట్టుకుని వింటాను. దయ్యాలను నేను నమ్మను, నమ్మబోను. కానీ ఆ ఖాళీ వచ్చినప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం నాకు చేతకావడం లేదు.