పడవలో పడుకున్నవాడికీ కూర చేపలు

కొడవలూరులో నాది చిన్న టైలరు దుకాణం. ఆదివారం వస్తే మా చర్చిలో హార్మోనియం నాది. మూతి మీద మీసం మొలవక ముందు నుంచి వాయిస్తున్నాను. మూడు నెలల కిందట మా తమ్ముడు దానియేలు తాగుడు మానేసి, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ చర్చికి రావడం మొదలుపెట్టాడు. సంతోషమే. కానీ రెండో నెల తిరగకుండానే మా పాస్టరు అయ్యగారు ఆరాధనలో మొదటి పాట ఎత్తే పని వాడికి అప్పజెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు పాడితే వాయించాను గానీ, వాడితో మాట మాత్రం మానేశాను.

అయ్యగారికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? వచ్చే ఆదివారం బైబిలు వాక్యం నువ్వే చెప్పాలి అన్నారు. అందులోనూ ద్రాక్షతోట పనివాళ్ళ ఉపమానం. పొద్దున్నే పనిలోకి దిగినవాళ్ళకూ, పొద్దుగూకే ముందు వచ్చినవాళ్ళకూ యజమాని ఒకే కూలి ఇస్తాడు చూడండి, ఆ కథ. నేను ఎప్పుడు చదివినా పొద్దున్నే వచ్చినవాళ్ళ పక్షమే. అదే మాట అయ్యగారితో అనేశాను. ఆయన నవ్వి, "పుస్తకాలు తిరగెయ్యబాకయ్యా. నీకు ఒక్క ముక్క చేతకాని పనిలోకి ఒకరోజు పోయిరా. ఆ తర్వాత ఏం తోస్తే అదే చెప్పు," అన్నారు.

చేతకాని పని అనగానే సముద్రం గుర్తొచ్చింది. తీరానికి ఇంత దగ్గరలో పుట్టి కూడా నేను పడవ ఎక్కి ఎరుగను. మా వీధిలో చేపలు అమ్మే శేషమ్మక్కది సముద్రపు ఒడ్డునున్న జువ్వలదిన్నె. వాళ్ళాయన పోలయ్యకు ఫైబర్ పడవ ఉంది. అక్కతో మాట కలిపి, శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి కావలి వైపు వెళ్ళే బస్సెక్కాను. బోగోలు దగ్గర దిగితే జువ్వలదిన్నెకు షేర్ ఆటోలు దొరుకుతాయి. నేను వెళ్ళినప్పుడు మనిషికి నలభై తీసుకున్నారు. ఆటో నిండేదాకా కదలదు, కాబట్టి ఓ గంట చేతిలో పెట్టుకుని వెళ్ళండి. "పడవెక్కేదానికా? ముందెప్పుడన్నా ఎక్కినారా?" అని డ్రైవరు అడిగాడు. లేదన్నాను. అద్దంలో నన్ను ఒకసారి చూసి, "సరే, పోయిరాండి," అన్నాడు. ఆ చూపుకు అర్థం మర్నాడు తెలిసింది.

రాత్రి పోలయ్య వాళ్ళ వసారాలో పడుకుని తెల్లవారగానే ఒడ్డుకు వెళ్ళాం. పడవలో పోలయ్య, ఆయన బావమరిది మునెయ్య, మరో ఇద్దరు, నేను. పోలయ్య పడవ ముక్కు దగ్గర గంగమ్మకు కర్పూరం వెలిగించాడు. నేను ఏం చేయాలో తెలియక పక్కకు జరిగి నిలబడ్డాను. "మీరు కూడా మీ సామికి చెప్పుకోండన్నా. నీళ్ళ మీద పొయ్యేదానికి అందరం భయపడాల్సిందే," అంటూ లైఫ్ జాకెట్ చేతికిచ్చాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఇన్నేళ్ళుగా చర్చిలో చేసిన ప్రార్థనల్లో అంత నిజంగా భయపడి చేసినది ఇంకొకటి లేదు.

మొదటి అరగంట భలేగా ఉంది. ఒడ్డు సన్నటి గీతలా మారుతుంటే అది ఏ ఊరు, ఇది ఏమిటి అని ప్రశ్నలతో మునెయ్య ప్రాణం తీశాను. తర్వాత కడుపులో తిప్పడం మొదలైంది. వల లాగేటప్పుడు సాయం చేద్దామని చెయ్యేస్తే నా చొక్కా బొత్తాం వలకంటిలో ఇరుక్కుంది. ఇరవై ఏళ్ళుగా బొత్తాలు కుట్టేవాడి గతి అది. "మీరు పడుకోండన్నా, అదే మాకు పెద్ద సాయం," అన్నాడు మునెయ్య. పడుకున్నాను. మధ్యలో రెండు మూడుసార్లు లేచి కక్కుకున్నాను. సముద్రంలో నేను చేసిన పని అంతే.

పదింటికి ఒడ్డు చేరాం. వేలానికి పోయే చేపలు పక్కన పెట్టాక, పోలయ్య మిగిలిన కానాగంత చేపలను ఇసుక మీద పట్టా పరిచి కుప్పలు పోశాడు. పడవలో వెళ్ళిన ప్రతివాడూ ఇంటికి తీసుకెళ్ళే కూర చేపలవి. చూస్తే ఐదు కుప్పలున్నాయి.

"ఐదోది ఎవరిది?" అన్నాను.

"మీదే."

"నేనేం చేశానని? పడుకునే ఉన్నాను కదా."

"మా బావ పడుకున్నోడికి కూడా ఇస్తాడు లే," అన్నాడు మునెయ్య.

సిగ్గేసి, జేబులోంచి డబ్బు తీసి ఎంతివ్వమంటారని అడిగాను. పోలయ్య మొహం మాడిపోయింది. "లోపల పెట్టండన్నా. నా పడవెక్కినోడు ఉత్త చేతుల్తో ఇంటికి పోతే నాకేం మర్యాద?"

నాకు అడగకుండా ఉండబుద్ధి కాలేదు. మునెయ్యను పక్కకు పిలిచి, "నిజం చెప్పు, నీకు కడుపు మండలా?" అన్నాను.

"మండతాది, ఎందుకు మండదు? వల లాగింది నేను గదా," అన్నాడు మొహమాటం లేకుండా. "అయితే మొదటిసారి ఎక్కినప్పుడు నేను కూడా మీ మాదిరే పడుకున్నా. ఆ పొద్దు మా నాయన నాకు కూర ఇయ్యకపోయుంటే రెండోనాడు నేను పడవ మొహం చూసేవాణ్ణా?"

తిరుగు బస్సులో ప్లాస్టిక్ కవరు కారి నీసు వాసన బస్సంతా పట్టింది. కండక్టరు తిట్టాడు. నాకు తిట్లు చెవికెక్కలేదు. కొడవలూరులో దిగి మా ఇంటికి పోకుండా నేరుగా దానియేలు ఇంటికి వెళ్ళాను. వాడు తలుపు తీసి బిత్తరపోయాడు. కవరు చేతిలో పెట్టాను.

"ఏందన్నా ఇది? నాకెందుకు? నేనేం చేసినానని?"

"నేను మాత్రం ఏం చేసినాను రా? పులుసు పెట్టించు, తిని పోతా."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఆగలేదు. ఆ పూట మామిడికాయ వేసిన పులుసు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని తిన్నాం.

ఆదివారం నా వాక్యం ఐదు నిమిషాల్లో అయిపోయింది. పడవ సంగతి చెప్పాను, అంతే. ఆ ఉపమానం ఇన్నేళ్ళూ చదివాను గానీ, తోటలోకి చివర్లో వచ్చినవాడి చోట నిలబడి ఒక్కసారీ చదవలేదు. వాడికి చేతిలో కూలి పడ్డప్పుడు ఎంత సిగ్గేసి ఉంటుందో, మర్నాడు ఎంత పెందలాడే లేచి ఉంటాడో ఇప్పుడు తెలుస్తోంది. కూర్చునే ముందు ఒకటే అడిగాను: "తమ్ముడూ, చివరి పాట కూడా నువ్వే ఎత్తు. నేను వాయిస్తాను."

మీరూ అలా పడవెక్కి వెళ్ళాలనుకుంటే, తెలిసినవాళ్ళ ద్వారా ముందే అడిగి వెళ్ళండి. మూత గట్టిగా పట్టే ఖాళీ డబ్బా ఒకటి మరిచిపోకండి. మీరేమీ చేయకపోయినా, అది ఖాళీగా తిరిగి రాదు.