ఒరెస్ట్ కారు తోక

సాయంత్రానికి మంచు తుఫాను దిగుతుందని రేడియో పొద్దుటి నుంచీ గొంతు చించుకుంటోంది. వెర్నా పట్నంలో సరుకులు కొనుక్కుని ఇంటిదారి పట్టింది. సగం దూరం వచ్చాక ముందొక డొక్కు నీలం కారు కనిపించింది. దాని కింద నుంచి నారింజ రంగు కరెంటు తీగ ఈడ్చుకుపోతోంది. తీగ చివర, నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి, ఒక ప్లాస్టిక్ దుప్పి.

ఆ కారు ఒరెస్ట్‌దని కెనడాలోని సస్కాచువాన్‌లో ఆ మూల ఎవరినడిగినా చెబుతారు.

చలికాలంలో ఇక్కడి కార్లు కూడా పశువుల్లా కట్టేసే ఉంటాయి. ముక్కులోంచి వేలాడే ప్లగ్గుకు కరెంటు తగిలిస్తే ఇంజను వెచ్చగా పడుకుంటుంది, లేకపోతే తెల్లారేసరికి బండరాయి. తీగ ఊడదీయకుండా బండి కదిలించడం ప్రతివాడూ ఒక్కసారైనా చేసే తప్పే. కానీ ఒరెస్ట్ చేయడమా! అక్టోబరు వచ్చిందంటే పిలవకపోయినా ఇల్లిల్లూ తిరిగి, కిటికీ సందుల్లో వేలు పెట్టి, నీటి గొట్టాలకు గుడ్డ చుట్టారా లేదా అని నేలమాళిగల్లోకి దిగి చూసే మనిషి. డిక్కీలో పార లేదని ఒక ఏడు పాదిరిగారికే చీవాట్లు పెట్టాడు.

వెర్నా లైట్లు కొట్టింది, హారన్ మోగించింది. ఒరెస్ట్ బండి పక్కకు తీసి, దిగి, ఆమె నోరు విప్పేలోపే తన డిక్కీ తెరిచాడు.

“టైరా, బ్యాటరీనా? నాకు తెలుసమ్మాయ్, నీ బండి ఎప్పుడో ఒకప్పుడు ఇలా చేస్తుందని!” డెబ్భై నాలుగేళ్ళ ఒరెస్ట్‌కి అరవై రెండేళ్ళ వెర్నా ఇంకా అమ్మాయే.

“నా బండికేం కాలేదు పెద్దాయనా. మీ...”

“మాటలు తర్వాత. ముందు దుప్పటి కప్పుకో.”

దుప్పటి మీద పడింది. పార, ఇసుక మూట, డబ్బాలో కొవ్వొత్తి, చాక్లెట్లు, ఉన్ని మేజోళ్ళు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. చివరికి ఆమె చేతిలో ఒక ఈల పెట్టాడు.

“ఇదెందుకు?”

“మంచులో కూరుకుపోతే ఊదడానికి.”

“ఈ బయల్లో ఎవరు వింటారు?”

“నేను వింటాను.”

“ముందు మీ కారు తోక చూసుకోండి స్వామీ!”

ఒరెస్ట్ చూశాడు. దుప్పి కూడా అతన్నే చూస్తోంది. అది చర్చి హాలు ముందర పండగకి నిలబెట్టినది. అక్కడే అతను బండికి కరెంటు తగిలించి దీపాల నూనె కొనడానికి వెళ్ళాడు; తిరిగొచ్చి తీగ ఊడదీయకుండానే కదిలేసరికి అది దుప్పి కాళ్ళకి చుట్టుకుంది.

“ఎవడో గిట్టనివాడు చేసిన పని,” అన్నాడు.

“అవును, మీ సీట్లో కూర్చుని మరీ చేశాడు.”

అని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది. తీగ చక్రం కింద నలిగి నాలుగు చోట్ల రాగి బయటపడింది.

“రేపు పొద్దున మా ఆవిడ నెటీకి కంటి ఆపరేషను. ఎనిమిది నెలలకి దొరికిన తేదీ. తుఫాను దాటిపోతుంది గానీ వెనకాలే మైనస్ నలభై దిగుతుంది. ఈ బండి లేవదు.”

“మీ ఇంట్లో ఇంకో తీగ లేదూ?”

“ఉన్నవన్నీ మీకే పంచాను కదా!”

పాత కోటల చరిత్రలన్నీ ఇంతే. ఏడాదికి సరిపడా ధాన్యం, నూనె, బాణాలు ఉంటాయి, వెనక తలుపు గడియ ఒక్కటే వేసుండదు.

వెర్నా తన డిక్కీ తెరిచింది. రెండేళ్ళ కిందట ఇదే మనిషి తిట్టి మరీ అంటగట్టిన తీగ అడుగున చిక్కుపడి ఉంది. తీసి ఇచ్చింది.

ఒరెస్ట్ మొహం చిట్లించాడు. “తీగ చుట్టడమంటే ఇదా? నేనేం నేర్పాను నీకు?”

ఆ ఈదురుగాలిలోనే చిక్కంతా విప్పి, అరచేతికీ మోచేతికీ మధ్య పద్ధతిగా చుట్టుకున్నాడు. చుట్ట భుజాన వేసుకుని, దుప్పిని చంకలో ఇరికించుకుని, తన కారు వైపు నడిచాడు. అతని దుప్పటి వెర్నా భుజాల మీదే ఉంది, ఈల చేతిలోనే ఉంది.