పీతల వీపు మీద నంబర్లు

నా లెక్క జీవితంలో ఒక్కసారే తప్పింది. ఆ ఒక్కసారీ రెండువందల నలభై చోట్ల తప్పింది. అదీ నిండు హాలులో, మైకు ముందు.

అప్పట్లో నేను యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో రోజుకూలీ సహాయకుణ్ణి. పెద్ద చదువు లేదు గాని, లెక్కలు సొంతంగా నేర్చుకున్నానన్న పొగరు దండిగా ఉండేది. తార్నాకలో నా గది నుంచి ల్యాబుకు 2,314 అడుగులు. నమ్మకపోతే మీరే నడిచి చూడండి.

అనిత అనే పరిశోధక విద్యార్థిని పగడపు దిబ్బల్లో బతికే బుల్లి పీతల మీద పనిచేసేది. ఉప్పునీటి తొట్టిలో మూడు పగడపు ముక్కలు, వాటి చుట్టూ రేగుపండంత పీతలు ఇరవైనాలుగు. ఎర్రకాళ్లవి, నీలికాళ్లవి, చారలవి, బొచ్చువి; రకానికి ఆరు. ఏ రకం ఏ పగడాన్ని అంటిపెట్టుకుంటుందో ఆమె తేల్చాలి. పది రోజులు సముద్రతీరానికి వెళ్తూ తొట్టిని నాకు అప్పగించింది.

"యాదన్నా, రోజూ పొద్దుగాల ఏ రకం ఏడున్నదో రాయి, చాలు. నేనొచ్చిన తెల్లారే సెమినార్. లెక్క తప్పితే నా ఏడాది పోతది."

"బేఫికర్‌గ పో అమ్మా!"

రోజూ వంగి పీతల కాళ్లు చూడటం నా స్థాయికి తగదనిపించింది. నేరుగా ఫ్యాన్సీ షాపుకు వెళ్లి గోళ్లరంగు అడిగాను.

"ఈ గులాబీ రంగు వదినకు మంచిగుంటదన్నా," అంది షాపామె.

"వదినకు కాదమ్మా, పీతలకు."

ఆమె సీసాను నా చేతికివ్వకుండా బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.

మెలితిరిగిన ఆ గట్టి వీపుల మీద గుండుసూది కొనతో ఒకటి నుంచి ఇరవైనాలుగు దాకా నంబర్లు వేశాను. ఒకటి నుంచి ఆరు ఎర్రకాళ్లు, ఏడు నుంచి పన్నెండు నీలికాళ్లు... అలా ఒక్కరోజు రాసిపెట్టుకుని, ఇక కాళ్లవైపు చూడలేదు. మహారాజులా కుర్చీలో కూర్చుని నంబర్లు చదువుకున్నాను. రోజూ పట్టిక ఫోన్లో పంపాను.

"ఏందన్నా, ఎర్రకాళ్లవి అన్ని పగడాల కాడ ఉన్నయంటున్నవ్? మొన్నటిదాంక ఒక్కదాని కాడనే ఉండె కదా!"

"నా లెక్క తప్పదమ్మా. పీతలే తప్పినయి."

పాపం, నమ్మింది. రాత్రి రైలు దిగి, పొద్దున నేరుగా సెమినార్‌కు వచ్చింది. తొట్టిని నేనే పెళ్లికొడుకును తెచ్చినట్టు హాలులోకి తెచ్చాను. ప్రొఫెసర్ కళ్లద్దాలు సవరించుకుని తొట్టిలోకి వంగారు.

"ఏడో నంబర్ నీలికాళ్లదని రాసిన్రు. ఇది ఎర్రగున్నదేందమ్మా?"

అనిత నోరు తెరిచేలోగా ఏడో నంబరు పీత వీపులోంచి బయటికొచ్చింది. అవును, వీపులోంచే! మెత్తటి వెనుకభాగాన్ని ఊపుకుంటూ, ఖాళీగా పడి ఉన్న పన్నెండో నంబరులోకి దూరి, రెండుసార్లు సర్దుకుని, కులాసాగా నడిచిపోయింది. హాలంతా ఘొల్లుమంది.

"యాదన్నా... నంబర్లు దేనిమీద వేసినవ్?"

"వీపుమీద అమ్మా."

"అది వీపు కాదన్నా! చచ్చిన నత్త గుల్ల! ఈ పీతలు అండ్ల కిరాయికుంటయి. మంచిది దొరికితే ఖాళీ చేసి పోతయి! అందుకే తొట్టిల ఖాళీ గుల్లలు గూడ ఏసి పెట్టిన!"

ప్రొఫెసర్ కళ్లు తుడుచుకున్నారు. "పీతలను లెక్కపెట్టుమంటే డోర్ నంబర్లు కొట్టినవు కదయ్యా! అమ్మాయీ, ఇంకో పది రోజులు తీసుకో. కానీ ఈయనతోనే లెక్కపెట్టించు. మోకాళ్ల మీద!"

పది రోజులు తొట్టి ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండువందల నలభై జతల కాళ్లు... తప్పు, ఒక్కోదానికి పది కాళ్లు. రెండువేల నాలుగువందల కాళ్లు చూశాను. ఎర్రకాళ్లవి తమ పగడాన్ని ఒక్కరోజూ వదల్లేదు, అనిత ఏడాదీ పోలేదు.

కాబట్టి సమస్త జలచరాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ప్రాణమున్న దేనిమీదా నంబరు వేయను. వేయక తప్పకపోతే ముందు తలుపు తట్టి, "లోపల ఎవరండీ? ఎన్నాళ్లుంటారు?" అని అడిగి మరీ వేస్తాను.