అవ్వ నోట ఫ్రెంచి మాట

మొన్న కొంపల్లిలో మా మనవరాలు ఇంటర్ పరీక్షకు చదువుకుంటూ, మార్కులు బాగా పడతాయని తీసుకున్న ఫ్రెంచి పుస్తకం నా చేతికిచ్చి క్రియలన్నీ గడగడా అప్పజెప్పింది. తినడం అన్నచోట ‘మాంజే’ అంది. ‘బూఫే’ లేదా అని అడిగితే నా వంక అనుమానంగా చూసి, ఫోన్లో వెతికి, అది పరీక్షలో రాసే మాట కాదని తేల్చింది. నిజమే, నాకు ఆ మాట నేర్పినవాడు పరీక్షలు పెట్టే రకం కాదు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మేడ్చల్ చుట్టూ ఫ్యాక్టరీల కంటే ద్రాక్షతోటలే ఎక్కువ. ఆ రోజుల్లో అక్కడి ఒక మందుల ఫ్యాక్టరీలో నేను టెంపరరీగా చేరాను. మాత్రలు ప్యాక్ చేసే మిషను ఒకటి ఫ్రాన్సు నుంచి వస్తే, దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్కుకు పానాలు అందించే పని నాకు పడింది. క్యాంటీను తిండి పడక అతను చిక్కిపోతుంటే చూడలేక శామీర్‌పేటలోని మా ఇంటికి తీసుకెళ్లాను. మా అవ్వ జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టి, తినమనడాన్ని వీళ్ల భాషలో ఏమంటారో అడగమంది. అతను పుస్తకాల మాట వదిలేసి, తమ ఇళ్లలో, దోస్తుల మధ్య వాడే మాట చెప్పాడు. బూఫే అంటే తినడమే, కాకపోతే బాగా చనువున్నచోట. ‘తిను’ అనాలంటే ‘బూఫ్’ అంటే చాలు. పెద్దవాళ్లతో, పైఆఫీసర్లతో మాత్రం పొరపాటున కూడా అనొద్దని మరీ మరీ హెచ్చరించాడు. నేను బుద్ధిగా తలూపాను. అవ్వకు ఆ చివరి మాట ఎక్కలేదు. ఊరి పటేలునైనా, తాసిల్దారునైనా నువ్వు అనే పిలిచి కూర్చోబెట్టే మనిషికి అది ఎక్కుతుందనుకోవడం కూడా నా వెర్రితనమే.

మిషను తిరగడం మొదలయ్యాక అతని పైఆఫీసరు చూడటానికి వచ్చాడు. దాని దగ్గర ఎవరిని పర్మనెంటుగా ఉంచాలో ఆయన చెప్పాలి, మా మేనేజరు రాసివ్వాలి. మా ఇంట్లో అందరి ఆశా ఆ ఉద్యోగం మీదే. మెకానిక్ మా అవ్వ వంట గురించి ఏం చెప్పాడో ఏమో, ఒక మధ్యాహ్నం అతనూ, ఆఫీసరూ, మేనేజరూ మా ఇంటి ముందు జీపు దిగారు. ఆఫీసరు నవ్వని మనిషి. రొట్టెను వేలితో తాకి ఊరుకున్నాడు. అవ్వకు అది నచ్చలేదు.

"ఏంది బిడ్డా, గట్ల సూసుకుంట కూసున్నవ్? బూఫ్!" అంది. ఆయన తలెత్తాడు. వినబడలేదేమోనని అవ్వ ఇంకాస్త గట్టిగా, "బూఫ్, బూఫ్! సల్లారిపోతాంది" అంటూ, ఆయన చెయ్యి అడ్డం పెడుతున్నా వినకుండా పులుసు పోసింది. మెకానిక్ తల వంచుకున్నాడు, మేనేజరు నన్ను కళ్లతోనే మింగేసేలా చూశాడు. నా ఉద్యోగం ఇక అయిపోయిందనుకున్నాను.

ఆఫీసరు నా వైపు తిరిగి, ఈవిడ నీతో కూడా ఇలాగే అంటుందా అని ఇంగ్లీషులో అడిగాడు. రోజూ అంటుంది సార్, మా భాషలో, అన్నాను. ఆయన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు, మారు రొట్టె కూడా వేయించుకున్నాడు. నెల తిరగకముందే నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అది నా పనితనమో, పులుసు మహిమో నేను తేల్చుకోలేకపోయాను గానీ, అవ్వ మాత్రం ఆ రోజే తేల్చేసుకుంది.

అక్కడే ఎదిగి, సార్ అనిపించుకుని, రిటైరయ్యాను. ద్రాక్షతోటలున్నచోట వెంచర్లు లేచాయి, అవ్వ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు మా కోడలు, పక్క ఫ్లాటు వాళ్లు, కింద వాచ్‌మన్ కూడా మీరు భోంచేశారా అని ఎంతో మర్యాదగా అడుగుతారు. ఆ మర్యాద మీద నాకు ఫిర్యాదేమీ లేదు. కాకపోతే, తిన్నానని చెప్పగానే నమ్మి వెళ్లిపోతారు.