అక్క మానుకున్న ఇసుర్రాయి పాట

మొన్న మా మునిమనవరాలు సంగీతం క్లాసు నుంచి వచ్చి, సా అంటే ఇట్లా, రీ అంటే ఇట్లా అని ఒక్కో స్వరానికి చేతిని ఒక్కో తీరుగా పట్టి చూపిస్తుంటే, పాటకు కూడా చేతులే కష్టపడాలా అని నవ్వుకున్నాను. హంగేరీ దేశపు సంగీతకారుడొకాయన పద్ధతట అది. ఆయన పల్లెలు తిరిగి రైతుల పాటలు పోగుచేసి, పిల్లలకు ముందుగా వాళ్ల ఇంటి పాటలే నేర్పాలని పట్టుబట్టాడట. ఎప్పటి మాట అని అడిగితే, మేము గద్వాలలో బడికి పోయే రోజుల మాటేనని తేలింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

మన కాలం వాళ్లకు చెప్పక్కరలేదు, తెల్లవారకముందే ఇసుర్రాయి పని. నేనూ అక్కా చెరో పక్క కూర్చుని, ఒకే పిడి పట్టుకుని జొన్నలు విసిరేవాళ్లం. అక్క పాట ఎత్తుకుంటే ఆ నడకలోనే నా చెయ్యీ తిరిగేది. బడి పండుగనాడు అందరి ముందూ పాడాలని అక్కకు ఒకటే ఆశ. హార్మోనియం పంతులుగారు ఆమె గొంతు విని, ఇసుర్రాయి పాటలతో మోటుబారింది, అవి మానుకుంటేనే నేర్పుతానన్నారు. అక్క ఆ పూటే మానేసింది. పాట లేక మా చేతులు ఒకరివొకరికి అడ్డం పడి, పిండి కాస్తా రవ్వయి కూర్చుంది. రొట్టెలు తట్టబోతే విరిగిపోతుంటే అమ్మకు ఒళ్లు మండింది.

"నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయా ఏందే? పాట లేకుంట ఇసురుడు ఎట్లయితది?"

"పాడనమ్మా, పంతులు వద్దన్నడు," అంది అక్క తలెత్తకుండానే.

తీరా పండుగనాడు పంతులుగారు ఆమెను చివరి వరుసలో నిలబెట్టి, పెదవులు మాత్రం కదిలించమన్నారు. ఎంత అన్యాయం! ఆ తర్వాత అక్క బడి పాటా పాడలేదు, ఇంటి పాటా పాడలేదు. అచ్చంపేటకు కాపురానికి పోయాక కన్నపిల్లల్ని కూడా పాట లేకుండానే జోకొట్టింది.

క్లాసులో, ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక పాట నేర్చుకుని రమ్మన్నారు జేజీ అంటూ ఆ మునిమనవరాలే నా పక్కన చేరింది. ఎంత తడుముకున్నా నోటికి రాదే! గుర్తు చేసుకునే ఓపికా లేదు, ఇంట్లో ఇసుర్రాయీ లేదు. చివరికి దాని చెయ్యి పట్టుకుని, పిడి తిప్పినట్టు గాలిలో తిప్పుతూ ఉంటే, అక్క పాట మెల్లగా నోట్లోకొచ్చింది. పిల్ల వెంటనే అందుకుని చేతులతో స్వరాలు పడుతూ పాడేసింది.

ఆదివారం క్లాసు వాళ్ల కార్యక్రమంలో దాన్ని మొదటి వరుసలో నిలబెట్టి ఈ పాటే పాడిస్తారట. నన్నూ రమ్మంటోంది. పోవాలంటే కాళ్లు సహకరించవు, పోయి కూర్చున్నా నా కళ్లు చివరి వరుసలోనే అక్కను వెతుక్కుంటాయి.